పందులు మెచ్చిన మార్మలేడ్

లీటన్,
మార్చి

ఒరేయ్ క్లైవ్,

ఫోన్లో నీతో మాట్లాడి లాభం లేదు. నేను ఊపిరి తీసుకునేలోపు నీకు ఏదో మీటింగ్ వస్తుంది. ఈమధ్య నాకు ఊపిరి తీసుకోవడానికే చాలాసేపు పడుతోంది కాబట్టి నీకు తప్పించుకోవడం మరీ సులువైపోయింది. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. అందుకే రాస్తున్నాను.

నిన్న మా ఆయన మర్రీ నన్ను వాగా ఊళ్ళో గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఫెన్విక్ అని, గడ్డం కూడా సరిగా రాని కుర్రాడు. మళ్ళీ అదే పాట. "వెర్నా, గుండెపోటు వచ్చినప్పుడు నీ గుండెలో చాలా కండ చచ్చిపోయి మచ్చ కట్టింది. మిగిలింది ఎన్నాళ్ళని లాగుతుంది? మార్పిడికి గుండె దొరికేదాకా పంపు పెట్టించుకో" అన్నాడు. పంపు అంటే గుండెకి ఒక యంత్రం తగిలిస్తారు, పొట్టలోంచి తీగ బయటికి వస్తుంది, నడుముకి బ్యాటరీలు కట్టుకుని తిరగాలి.

"మా తమ్ముడు సిడ్నీలో గుండె కండే పెంచుతున్నాడు బాబూ, మాకు నీ బ్యాటరీలెందుకు" అన్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని లోకం అనుకుంటుందేమో గాని, నేననుకోను. పదిహేనేళ్ళుగా ఆ ల్యాబ్‌లో కూర్చుని నువ్వు చేస్తున్నది నా జబ్బుకే కదా. కాబట్టి సూటిగా చెప్పు. నా వంతు ఎప్పుడు?

ఇంకో సంగతి. పోయిన చలికాలం పంపిన చేదు నారింజ తొక్కల జామ్, నా మార్మలేడ్ గురించి నువ్వింతవరకు ఒక్క ముక్క రాయలేదు. లీటన్ షో పోటీల్లో మొదటి బహుమతి నీలం రిబ్బన్ వచ్చిన సరుకది. ఒక పెట్టెడు పంపాను. బాగుందనో బాగాలేదనో అనడానికి నోరు రాలేదా?

వెర్నా

*

సిడ్నీ,
ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం చివరిదాకా చదివాను, రెండుసార్లు.

నా వంతు ఎప్పుడు అని అడిగావు. అది నా చేతిలో ఉంటే రేపే అనేవాణ్ణి. ముందు నేనేం చేస్తున్నానో నీకు సరిగా తెలియాలి, ఎందుకంటే నేను గుండెలు పెంచుతున్నానని నువ్వు ఊరంతా చెప్తున్నావట. నేను పెంచేది గుండె కాదు. ఎవరి రక్తంలోంచో ఒక కణం తీసుకుని, దాన్ని పుట్టకముందు స్థితికి వెనక్కి తీసుకెళ్తాం. దాన్నే మూలకణం అంటాం. అక్కణ్ణించి బుజ్జగించి, లాలించి గుండె కణాన్ని చేస్తాం. గాజు పళ్ళెంలో అవి కొట్టుకుంటుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వచ్చిన మంత్రులందరికీ అదే చూపిస్తాం.

తీసుకెళ్ళి జబ్బు గుండెలో పెట్టాక మొదలవుతుంది మా తలనొప్పి. సగానికి పైగా మొదటి రోజుల్లోనే చచ్చిపోతాయి. మిగిలినవి పసివి. పక్కనున్న కండ ఎప్పుడు కొట్టుకుంటోందో వాటికి పట్టదు, వాటికి తోచినప్పుడు అవి కొట్టుకుంటాయి. ఒక మేళంలో ఇద్దరు రెండు తాళాలు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మేం ప్రయోగాలు చేసే పందుల గుండెలు పరుగందుకుంటాయి. ఇవి చాలవన్నట్టు, ఒళ్ళు ఆ కణాలను పరాయివని తరిమేస్తుంది. తరమకుండా మందు వేయాలి. మందు తక్కువైతే కణాలు పోతాయి, ఎక్కువైతే కిడ్నీలు పోతాయి. ఒకటి అతికిస్తే ఇంకొకటి ఊడుతుంది.

అయితే ఈసారి మంచి కబురుంది. ఈ వేసవిలో కణాలు పెట్టిన పందుల్లో అవి నిలిచాయి. మచ్చ ఉన్నచోట కొత్త కండ కనిపిస్తోంది. ఇన్నేళ్ళలో ఇలా చూడలేదు. అనుమతులిచ్చే కమిటీ ఒప్పుకుంటే ఏడాది చివరికి మనుషుల మీద మొదటి ప్రయోగం మొదలవుతుంది. ఎవరిని తీసుకోవాలో నేను నిర్ణయించను, కాని నీలాంటి గుండె ఉన్నవాళ్ళ కోసమే అది.

మార్మలేడ్ ఒక్క చుక్క మిగల్లేదు. సీసాలు నాకి మరీ ఖాళీ చేశారు.

క్లైవ్

*

లీటన్,
జులై

క్లైవ్ నాయనా,

ఫెన్విక్‌కి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఏమన్నాడో తెలుసా? "పందుల సంగతి సంతోషమే వెర్నా, కాని ఏడాది చివరంటే ఈ రంగంలో ఏ ఏడాదో ఎవరూ చెప్పరు" అన్నాడు. మర్రీ కూడా వాడివైపే తలూపాడు. ఇద్దరి మీదా ఒంటికాలి మీద లేచాను. నిజానికి ఈమధ్య నేను లేచేదే తక్కువ. బట్టలారేసే తీగ దగ్గరికి వెళ్ళి రావాలంటే మధ్యలో ఒక కుర్చీ వేయించుకున్నాను. అయినా పంపు వద్దని సంతకం పెట్టి వచ్చాను. ఏడాది చివరిదాకా ఈడ్చలేనా?

నువ్వు మొట్టమొదటిసారి నా మార్మలేడ్‌ని మెచ్చుకున్నావు కాబట్టి నీకొక రహస్యం చెప్తాను. మర్రీకి కూడా తెలియదు. మన చేదు నారింజ చెట్టుకి తెగులొచ్చి రెండేళ్ళుగా కాపు సగమైంది. పక్కింటి వాల్ వాళ్ళ చెట్టు గ్రేప్‌ఫ్రూట్లు, అవే ఆ పంపరపనస లాంటి చేదు పళ్ళు, కంచె దాటి మన పెరట్లోకి వేలాడుతుంటాయి. అవి సగం, ఇవి సగం వేస్తున్నాను. షో నిబంధనల్లో ఒకే రకం పండు అని ఉంది. ఆ న్యాయనిర్ణేతల నాలుకలకి ఏం తెలుస్తుంది? రెండేళ్ళూ నాకే రిబ్బన్ ఇచ్చారు. ఎవరితోనైనా అన్నావో, అక్టోబరు షోలో తల ఎత్తుకోలేను.

ఈ ఏడాది పెట్టె కూడా పంపుతున్నాను. నీ ల్యాబ్ వాళ్ళకి అంత ఇష్టమైతే వాళ్ళకీ పెట్టు.

వెర్నా

*

సిడ్నీ,
జులై

అక్కా,

దీనికి వెంటనే జవాబు రాయి. పోయిన చలికాలం నాకు పంపిన పెట్టెలో కూడా గ్రేప్‌ఫ్రూట్ కలిపావా? అన్ని సీసాల్లోనూనా, కొన్నిట్లోనా?

ఎందుకడుగుతున్నానో చెప్పకుండా ఉంటే నువ్వు వేరే ఏదో ఊహించుకుంటావు. చెప్తాను, తిట్టు. నాకు మార్మలేడ్ ఇష్టం లేదు. చిన్నప్పటినుంచీ ఆ చేదు నాకు పడదు, అమ్మ చేసినప్పుడు కూడా నీ రొట్టె మీదికి తోసేసేవాణ్ణి. నీ పెట్టె తీసుకెళ్ళి పందులశాలలో పెట్టాను. ఒళ్ళు కణాలను తరమకుండా వేసే ఆ మందు మాత్రలు పందులు ఉమ్మేస్తున్నాయని, వాటిని చూసుకునే సెఫీనా రోజూ గొడవ. "ఏదైనా తీపిలో పెట్టివ్వు క్లైవ్, వీటితో నా వల్ల కావట్లేదు" అంది. మార్మలేడ్‌లో పెడితే పళ్ళెం నాకేశాయి. సీసాలు నాకిందీ అవే. మేతలో నారింజ మార్మలేడ్ వాడామని రాసుకున్నాం కూడా.

మామూలు తీపి నారింజ వల్ల ఏమీ కాదు. గ్రేప్‌ఫ్రూట్ అలా కాదు. ఒంట్లోకి వెళ్ళిన ఈ మందుని పేగులు కొంత విరిచేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ ఆ పని ఆపేస్తుంది, మందంతా రక్తంలోకి చేరుతుంది. నీ చేదు నారింజకీ ఆ గుణం కొంత ఉందట, ఇవాళే చదివాను. ముందే చదవాల్సింది. ఆ పందుల రక్తంలో మందు మేం వేసినదానికంటే ఎక్కువగా కనపడుతూ ఉండేది. జాతి తేడా అని సర్దిచెప్పుకున్నాం. మంచి ఫలితం వస్తుంటే ఎవరికీ లోతుగా తవ్వబుద్ధి కాదు.

దయచేసి నిజం రాయి.

క్లైవ్

*

లీటన్,
ఆగస్టు

క్లైవ్,

రెండు రోజులు నీ ఉత్తరం చూస్తూ కూర్చున్నాను.

పందులకు పెట్టావు. చెంచాతో నురగ తీస్తూ, మధ్యమధ్య కూలబడుతూ నేను కాచిన మార్మలేడ్ పందులకు పెట్టావు. గాడిదకేం తెలుసు గంధపు వాసన అంటారు. ఆ పందులకి తెలిసింది, డాక్టరేట్ చేసిన మా తమ్ముడికి తెలియలేదు.

అన్ని సీసాల్లోనూ ఉంది. సగానికి సగం. కొన్నిట్లో ఎక్కువే పడి ఉంటుంది, నేనేం తూచి వెయ్యలేదు.

ఇప్పుడు నా మాట విను. పందులు బాగుపడ్డాయా లేదా? కణాలు నిలిచాయా లేదా? మరి ఏమిటి నీ ఏడుపు? కలిసొచ్చిందని నోరు మూసుకుని ఊరుకో. నన్ను ఆ ప్రయోగంలో పెట్టుకోమను, మందుతోపాటు పొద్దుటా సాయంత్రం నేనూ రొట్టె మీద మార్మలేడ్ వేసుకుని తింటాను. నా చేత్తో చేసింది, నా పెరట్లోది, నా ఒంట్లోకి. ఎవడికి నష్టం? నువ్వెవరికీ చెప్పకపోతే నేనూ చెప్పను. షో వాళ్ళకి చెప్పలేదుగా.

ఏడాది చివరంటే ఇంకెంతో లేదు. ఆ ఒక్క ఆశ మీదే పంపు వద్దన్నాను. అది గుర్తుపెట్టుకుని జవాబు రాయి.

వెర్నా

*

సిడ్నీ,
ఆగస్టు

అక్కా,

చెప్పేశాను. నీ ఉత్తరం వచ్చిన పొద్దున్నే మా ల్యాబ్ పెద్ద హెస్టర్ గదికి వెళ్ళి చెప్పాను. ఆవిడ "మూడేళ్ళ పని క్లైవ్. రొట్టె మీద పూసుకునేదానితో పోయింది" అంది. ఆ తర్వాత ఆవిడ అన్నవి రాయను. కమిటీకి కూడా ఆ రోజే తెలిపాం. మనుషుల మీద ప్రయోగం ఆగిపోయింది. పందులతో మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. ఇంకా ఎక్కువా పట్టొచ్చు.

ఎవడికి నష్టం అని అడిగావు. చెప్తాను. మార్మలేడ్ లేకుండా మేం కాగితం మీద రాసిన మోతాదు చాలదు. ఆ మోతాదుతో నీ గుండెలో కణాలు పెట్టి ఉంటే నెల తిరక్కుండా అన్నీ చచ్చిపోయేవి. నువ్వు ఛాతీ కోయించుకుని, గుండెలో సూదులు పొడిపించుకుని, చచ్చిన కణాలతో ఇంటికి వెళ్ళేదానివి. నీతోపాటు ఇంకొంతమంది. పోనీ మార్మలేడ్‌తో కలిపి తింటానంటావా, ఏ సీసాలో ఎంతుందో నీకే తెలియదన్నావు. ఎక్కువైన చోట పందుల కిడ్నీలు దెబ్బతిన్నాయి. నీ కిడ్నీలు అసలే అంతంతమాత్రం.

ఇంకోటి. ఏప్రిల్‌లో నీకు రాయకుండా దాచాను. ఆ మంచి ఫలితం వచ్చిన పందుల్లో కూడా ఒకటి చచ్చిపోయింది. కణాలు బాగా నిలిచినదే. గుండె పరుగందుకుని ఆగలేదు. నీకు రాస్తే ఆశ వదులుకుంటావని రాయలేదు. నువ్వు ఆ ఆశ పట్టుకుని పంపు వద్దంటావని నాకు తోచి ఉండాల్సింది.

అక్కా, వాగా వెళ్ళి పంపుకి ఒప్పుకో. నా కోసం ఎదురుచూడకు. ఈ కణాల మీద నాకు నమ్మకం లేక కాదు. ఎప్పటికో ఒక రోజుకి ఇవి పనికొస్తాయి. ఆ రోజుకి నువ్వు ఉండవు. ఈ మాట రాయడానికి నాకు సాయంత్రమంతా పట్టింది.

క్లైవ్

*

లీటన్,
సెప్టెంబరు

క్లైవ్,

జవాబు రాయకూడదనుకున్నాను. మర్రీ నస భరించలేక రాస్తున్నాను.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నీకేం, రెండేళ్ళు పోతే ఇంకో రెండేళ్ళు. ఇంకో మంద పందులు తెప్పించుకుంటావు. నేను పందిని కాను. నీతి నియమం అన్నీ నా ప్రాణం మీదికి వచ్చినప్పుడే గుర్తొచ్చాయా నీకు? చచ్చిన పంది సంగతి దాచడానికి లేని నియమం, బతికిన పందుల సంగతి చెప్పడానికి ఎక్కణ్ణించి వచ్చింది?

ఇన్నాళ్ళూ చెప్పనిది ఇప్పుడు చెప్తున్నాను. పంపంటే నాకు భయం. మా వీధి చివర బెర్ట్‌కి పెట్టారు. షాపులో అతని పక్కన నిలబడితే సంచీలోంచి సన్నగా రొద వినిపిస్తుంది. కరెంటు పోతే ఆ మనిషి మొహం చూడాలి. తీగ తడవకూడదు, స్నానం కూడా లెక్క ప్రకారమే. ఈ ఊళ్ళో వేసవికి ఈత పూల్ తెరిచిన రోజు మొదట నీళ్ళలో దిగేది నేను. నలభై ఏళ్ళుగా అంతే. ఇక ఎప్పటికీ దిగలేను. నాకు యంత్రం వద్దు. నాకు గుండె కావాలి. నీ చేతుల్లో పెరిగిన కండ అయితే మనదే అనుకున్నాను. అంతే నా మూర్ఖత్వం.

రాత్రిళ్ళు పడుకోలేక కుర్చీలో కూర్చుంటున్నాను. మర్రీ కూడా పక్కన కూర్చుంటున్నాడు, గురక పెడుతూ.

షోకి ఈసారి ఏమీ పంపడం లేదు.

వెర్నా

*

సిడ్నీ,
సెప్టెంబరు

అక్కా,

నువ్వన్నవన్నీ నిజమే. ఒక్కదానికి మాత్రం జవాబు రాస్తున్నాను.

నువ్వు పందివి కావన్నావు. అందుకే చెప్తున్నాను. పంది పోతే ఎందుకు పోయిందో రాసుకుంటాను, అది కూడా నాకు పనికొస్తుంది. నువ్వు పోతే నాకు పనికొచ్చేదేమీ ఉండదు. ఈ ల్యాబ్‌లో పదిహేనేళ్ళు కూర్చుని నేర్చుకున్నదంతా కలిపి చెప్తున్న ఒకే ఒక్క సలహా ఇది: వీటికోసం ఆగొద్దు. నా పని గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడు, నేనే వద్దంటున్నాను. ఇంకా నమ్మవా?

ఫెన్విక్‌కి ఫోన్ చేశాను. గడ్డం లేకపోయినా తెలివైనవాడే. సిడ్నీలో పంపు పెట్టే చోట నీ పేరు చెప్పి ఉంచాడు. నువ్వు ఊఁ అంటే చాలు. మర్రీ బ్యాటరీలు మార్చడం ఎలాగో నీకు తెలియకుండా ఫెన్విక్‌ని అడిగి నేర్చుకున్నాడట. ఆ మనిషి నీ మాటకి ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు చెప్తున్నాడు.

పూల్ సంగతికి నేనేం చెయ్యలేను. దానికి నాకూ బాధగానే ఉంది.

కోపం ఉంటే ఉండనీ. కోపంగా వచ్చి పెట్టించుకో.

క్లైవ్

*

సిడ్నీ, ఆసుపత్రి,
నవంబరు

క్లైవ్,

ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరమేమిటంటావు. రోజూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటావు, కూర్చున్న వెంటనే నిద్రపోతావు. నిద్రపోతున్నవాడికి ఏం చెప్పను? మర్రీ చేత పోస్ట్ చేయిస్తున్నాను.

పొద్దున కొత్త నర్సు వచ్చి నా మణికట్టు పట్టుకుని కంగారు పడిపోయింది. నాడి దొరకలేదు. ఈ పంపు రక్తాన్ని ఆగకుండా తోస్తూనే ఉంటుంది కాబట్టి నాడి కొట్టుకోదట. "అమ్మాయ్, నాడి లేదు గాని ఆకలి ఉంది. ఆ టోస్ట్ చల్లారకముందే ఇటివ్వు" అన్నాను. వరండా చివరిదాకా నడిచాను, మధ్యలో ఎక్కడా కూర్చోలేదు. రొద రాత్రిళ్ళు వినిపిస్తుంది. అలవాటవుతుందని బెర్ట్ ఫోన్లో చెప్పాడు. వాడికి అలవాటైంది, వాడి భార్యకి కాలేదట.

నీ మీద కోపం పోలేదు. అది వేరే సంగతి.

రాయాల్సింది ఇది. ఆపరేషన్‌కి ముందు రోజు ఒకమ్మాయి కాగితాలు పట్టుకుని వచ్చింది. పంపు తగిలించడానికి గుండె అడుగున నాణెమంత ముక్క కోసి తీస్తారట. మామూలుగా పారేస్తారు. పరిశోధనకి ఇవ్వడం ఇష్టమేనా అంది. ఎవరికి వెళ్తుందమ్మా అంటే, పేర్లు చెప్పకూడదండీ, మూలకణాల నుంచి గుండె కండ పెంచేవాళ్ళకి అంది. ఇంకెవరు, నువ్వేననుకుని సంతకం పెట్టాను.

ఇన్నేళ్ళూ నీకు కావలసింది గుండేగా, పందులవి కాకుండా మనిషిది. తీసుకో. నీ పిల్లకణాలకి ఎలా నడుచుకోవాలో అది నేర్పుతుందేమో. నేర్పకపోతే అది కూడా రాయి, దాచకు.

వెర్నా

*

సిడ్నీ,
నవంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి నేరుగా హెస్టర్ దగ్గరికి వెళ్ళి ఇది కూడా చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. "మీ కుటుంబం నా ల్యాబ్‌ని ప్రశాంతంగా ఉండనివ్వదా క్లైవ్? మొన్న పెరట్లో పళ్ళు, ఇవాళ గుండె" అంది. ఆ తర్వాత, ముక్కలు పేర్లు లేకుండా అంకెలతోనే వస్తాయి, ఎవరిదేదో నీకు తెలియదు కాబట్టి పని చేసుకో అంది.

ఈ సంగతి నాకెందుకు చెప్పావు? చెప్పకుండా ఉంటే ఎంత హాయిగా ఉండేది. నీకు ఆపరేషన్ అయిన వారం మాకు రెండు ముక్కలు వచ్చాయి. పల్చగా పొరలు కోసి, చెరో పళ్ళెంలో బతికిస్తున్నాం. వాటి మీద మా కణాలు వేశాం. దాచొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. మాట వినడం లేదు. పక్కనే పెద్ద కండ కొట్టుకుంటుంటే వాటి దారిన అవి కొట్టుకుంటున్నాయి. నిన్న మొదటి పళ్ళెంలో ఓ మూల కాసేపు తాళం కలిసింది, మళ్ళీ విడిపోయింది. ఎందుకు కలిసిందో తెలియదు, ఎందుకు విడిపోయిందో తెలియదు. విసుగొచ్చి గోడకేసి కొట్టాలనిపిస్తుంది, కొట్టను.

రెండో పళ్ళెంలోది నీరసించిపోతోంది. కణాలు కూడా దాని మీద నిలవలేదు. మామూలుగా అయితే అలాంటిది పారేసి మిగిలినదాని మీద పని చేస్తాం. రెండిట్లో ఏది నీదో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు.

ఇందాక హెస్టర్ వచ్చి చూసి, "అది పోయినట్టే కదా, ఇంకా పారేయలేదేం" అంది.

రేపు చూద్దామన్నాను.

క్లైవ్